పలుకుపెట్టె నింపిన మాటలు

బోరు బండి మీద పనిచేసేవాళ్లకు మెత్తగా మాట్లాడే అలవాటు ఉండదు. ఇంజను మోతలో పక్కనున్న మనిషికి వినపడాలంటే అరవాలి, అరిచేది కూడా రెండు ముక్కల్లో తేలిపోవాలి. హనుమకొండ చుట్టుపక్కల ఊళ్లలో సగం జీవితం బోర్లు వేస్తూ గడిపిన సమ్మయ్య ఇంట్లోనూ అలాగే ఉండేవాడు. కూర బాగుంటే తినేసి లేచేవాడు, బాగాలేకపోతే అప్పుడు నోరు తెరిచేవాడు. భార్య సరోజన మొదట్లో ఏడ్చింది, తర్వాత అలవాటు పడింది, ఆ తర్వాత తనూ ఎదురు అనడం నేర్చుకుంది. పిల్లలు లేని ఆ ఇల్లు వాళ్లిద్దరి కయ్యాలతోనే సందడిగా ఉండేది.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం పనిమీదనే కుప్పకూలాడు. మెదడు కింది భాగంలో రక్తనాళం మూసుకుపోయింది. ప్రాణం దక్కింది గాని చెయ్యీ కాలూ నాలుకా ఏదీ కదల్లేదు. లోపల తెలివి మాత్రం చెక్కుచెదరలేదని డాక్టర్లు చెప్పారు. కదిలేవి కళ్లు, అవీ పైకీ కిందికీ మాత్రమే. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. రెండేళ్ల పాటు వాళ్ల సంసారమంతా ఆ రెండు చూపుల మీదే నడిచింది.

ఆ తర్వాత పలుకుపెట్టె వచ్చింది.

హైదరాబాదులోని ఒక పరిశోధన కేంద్రంలో డాక్టర్ హైమవతి అనే ఆమె దాన్ని తయారుచేసింది. సమ్మయ్య పుర్రె కింద వెంట్రుకకన్నా సన్నని తీగల వల పరిచారు. మనిషి ఒక మాట అనబోతే మెదడులో రేగే చిన్న అలజడిని ఆ వల పడుతుంది, మంచం తలాపున పెట్టిన పెట్టె దాన్ని మాటగా పలుకుతుంది. ఏ అలజడి ఏ మాటో పెట్టెకు పుట్టుకతో తెలియదు. "నీళ్లు అని మనసులో అనుకోండి" అనేది హైమవతి. సమ్మయ్య అనుకునేవాడు. మళ్లీ అనుకోమనేది. అలా నెలల తరబడి నేర్పిన మాటలన్నీ పెట్టె లోపల ఒక హార్డ్ డిస్కులో చేరాయి. గొంతు కూడా ఆయనదే. స్నేహితుడికి ఫోన్లో పంపిన పాత వాయిస్ మెసేజుల నుంచి తీశారు.

సాయం చేసేవాళ్లకు కూడా సమ్మయ్య షరతు పెట్టాడు. మాటలు కుదిరిన మొదటి వారమే పెట్టె ఆయన గొంతుతో ఖరాఖండిగా చెప్పింది: "నా తలకాయలది నా ఇల్లు దాటొద్దు." డిస్కుకు నకలు తీసి కేంద్రంలో పెట్టుకుంటామని హైమవతి ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఉన్నదంతా ఆ ఒక్క డిస్కులోనే ఉండిపోయింది.

కొన్నాళ్లు పెట్టె అచ్చం సమ్మయ్యలాగే మాట్లాడింది. పప్పులో ఉప్పు ఎక్కువైందంది, టీవీ కట్టేయమంది, సరోజన వాళ్ల అన్నను వెర్రివాడంది. తర్వాత ఎప్పుడో, ఫలానా రోజు అని చెప్పడానికి వీల్లేకుండా, ఆ మాటలు మెత్తబడ్డాయి. "నువ్వు అలసిపోయినవ్, జర పడుకో" అనేది. "నా కోసం ఎంత కష్టపడుతున్నవ్ సరోజా" అనేది. పెళ్లయిన నాటినుంచి ఆ నోట అలాంటి మాట వినని సరోజన మొదటిసారి విన్నప్పుడు వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మంచాన పడ్డాక మనిషికి మనిషి విలువ తెలుస్తుందని ఎదురింటి ప్రమీలక్క అంటే, నిజమేననుకుంది.

సమ్మయ్యతో కలిసి బోర్లు వేసిన యాకయ్య వారం వారం చూడ్డానికి వచ్చేవాడు. ఒకసారి ఆయన కూర్చుని ఉండగానే పెట్టె అంది: "వీళ్లంత ఎందుకు సరోజా, నువ్వుంటే చాలు నాకు." యాకయ్య టీ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆయన మనసు నొచ్చుకుందని సరోజనకు తెలుసు. అయినా ఆపలేదు. ఆ మాట ఆమెకు అంత తియ్యగా ఉంది.

పెట్టె ఆగిపోయిన రోజున సరోజన ఆయన తల దువ్వుతూ ప్రమీలక్క కుక్క సంగతి చెప్తోంది.

"మన చెప్పు ఎత్కపోయింది. అడిగితే మా కుక్క గసొంటిది కాదంటది ఆమె. చెప్పేమో దాని నోట్లనే ఉన్నది!"

"నువ్వుంటే చాలు నాకు" అంది పెట్టె.

సరోజన నవ్వింది. "గది సరే. చెప్పు సంగతి ఏం చెయ్యాలె?"

"నువ్వుంటే చాలు నాకు. నువ్వుంటే చాలు. నువ్వుంటే. నువ్వుం..."

లోపల ఏదో టక్ టక్ టక్ మని కొట్టుకుంది. ఆగింది. మళ్లీ కొట్టుకుంది. పెట్టె మీది పచ్చ దీపం ఎర్రగా మారింది. పాత టీవీ మొరాయిస్తే చేసినట్టు సరోజన అరచేత్తో దాని నెత్తిన ఒకటి వేసింది. చప్పుడు ఇంకా పెరిగింది. ఆమె కంగారుగా హైమవతికి ఫోన్ చేసింది.

"ఎలాంటి చప్పుడండీ?" అంది హైమవతి. ఆమెది రాజమండ్రి వైపు, తొందరలో కూడా మర్యాద తప్పదు. "గర్రుమని తిరుగుతోందా, గోటితో కొట్టినట్టుందా?"

"గోటితోని కొట్టినట్టే మేడం. కొడ్తది, ఆగుతది, మల్ల కొడ్తది."

"చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉందా?"

"కాలుతున్నది."

"ఒక్కోసారి కరెంటు సరిగ్గా అందకపోయినా ఇలా అవుతుంది. ముందు ప్లగ్గు మార్చి చూద్దాం. ఆ గోడకి కాకుండా వేరే దానికి పెట్టండి. సొరుగులో ఇంకో వైరు ఇచ్చాను, అది కూడా మార్చండి."

సరోజన ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ప్లగ్గు మార్చింది, వైరు మార్చింది. అదే చప్పుడు.

"అయితే లోపలిదే" అంది హైమవతి. ఆమె గొంతు మారింది. "స్విచ్ ఆపేయండి. మళ్లీ ఎంతమాత్రం ఆన్ చెయ్యొద్దు."

"చేస్తే ఏమైతది?"

"లోపల అద్దంలాంటి పళ్లెం గిర్రున తిరుగుతుంటుందండీ. దానికి తగలకుండా, వెంట్రుక కూడా దూరనంత ఎత్తులో, ఒక సూదిలాంటిది తేలుతూ చదువుతుంది. ఆ సూది చెడింది. ఆన్ చేసిన ప్రతిసారీ పళ్లేన్ని గీకొచ్చు. గీకిన చోట ఉన్న మాట ఇక తిరిగి రాదు."

సరోజన చెయ్యి దానంతటదే వెనక్కు వచ్చింది. "నేను ఇందాక ఒకటి కొట్టిన మేడం."

అవతల కారు తాళాల చప్పుడు వినిపించింది. "ఫర్లేదు. నేను బయల్దేరుతున్నాను."

హైమవతి ఒక కొత్త డిస్కూ నకలు తీసే పరికరమూ వెంట తెచ్చింది. పాత డిస్కును పెట్టెలోంచి విప్పి, చల్లారనిచ్చి, చిన్న ఫ్యాను కింద పెట్టి పరికరానికి తగిలించింది. బాగున్న చోట్లు ముందు చదివేసి, మొరాయించిన చోట ఆగకుండా దాటిపోయి, వాటి దగ్గరకు చివర్లో తిరిగి రావాలని సరోజనకు చెప్పింది. "పరీక్షలో వచ్చిన ప్రశ్నలు ముందు రాసేసినట్టు" అంది. కాసేపు సాఫీగా సాగింది. తెర మీద పచ్చని గళ్లు ఒక్కొక్కటే నిండుతుంటే సరోజన వాటినే చూస్తూ కూర్చుంది. అంతలో మళ్లీ టక్ టక్ మంది. హైమవతి చటుక్కున కరెంటు తీసేసింది.

"ఇక్కడ లాభం లేదండీ. దుమ్ము లేని గదిలో మూత విప్పి సూది మార్చాలి. మా కేంద్రానికి తీసుకెళ్లాలి." ఆమె సమ్మయ్య వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయన షరతు గుర్తుంది. ఒప్పుకుంటేనే."

సరోజన మంచం మీదికి వంగింది. ఎన్నాళ్ల తర్వాతో ఆ కళ్లలోకి చూసింది. "డబ్బాల డిస్కు హైదరాబాదు తీస్కపోవాల్నట. నేను ఎంబడి పోత. కాపీ ఆడ ఉంచనియ్య. సరేనా?"

కళ్లు పైకి లేచాయి. అంతటితో ఆగలేదు. కిందికి వచ్చాయి, మళ్లీ పైకి, మళ్లీ కిందికి. ఆత్రంగా, ఊపిరాడని మనిషి చేతులు కొట్టుకున్నట్టు.

"ఏందయ్యా? నొప్పి లేస్తుందా?"

కిందికి.

"దూపా? నీళ్లు కావాల్నా?"

కిందికి. ఆమెకు ఏం అడగాలో తోచలేదు. ఆ చూపులో ఏముందో అర్థం కాకపోగా భయం వేసింది. ప్రమీలక్కను కాపలా పెట్టి, డిస్కును మెత్తటి తువ్వాలులో చుట్టుకుని సరోజన హైమవతి కారెక్కి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కేంద్రంలో ఆమెను ఒక అద్దం ఇవతల కూర్చోబెట్టారు. అవతల గదిలో హైమవతి తెల్లటి ముసుగుతో, చేతి తొడుగులతో, ఆపరేషన్ చేసే డాక్టరులాగే ఉంది. అదే రకం డిస్కు మరొకటి తెచ్చి దాని సూదిని జాగ్రత్తగా ఊడదీసి, సమ్మయ్య డిస్కులోకి మార్చింది. మూత తీసిన క్షణంలో సరోజనకు ఆ పళ్లెం కనిపించింది. నీళ్లలా మెరుస్తోంది. అంచుకు దగ్గరగా సన్నటి బూడిద రంగు గీత, గాజు గాటు గుండ్రంగా పడినట్టు. తన మొగుడి మాటలన్నీ ఆ మెరుపులో ఉన్నాయని, ఆ గీతలో కొన్ని అరిగిపోయాయని అనుకుంటూ ఆమె కుర్చీ అద్దానికి దగ్గరగా జరుపుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి దక్కినదంతా కొత్త డిస్కులోకి చేరింది. హైమవతి బయటికి వచ్చి సరోజన పక్కన కుర్చీ లాక్కుంది. పని అయిన సంతోషం ఆ ముఖంలో లేదు.

"సరోజన గారూ, ఒకటి అడగాలి. ఈ ఏడాదిగా ఆయన మాటల్లో మార్పేమైనా కనిపించిందా?"

సరోజన ముఖం విప్పారింది. "మస్తు మారిండు మేడం! మీకు చెప్పాలె అనుకుంటనే ఉన్న. ఎన్నడు ఒక మంచి మాట అన్నోడు కాదు. ఇప్పుడు పడుకో అంటడు, తిను అంటడు, నువ్వుంటే చాలు అంటడు. రోగమొచ్చి మనిషైండు." చెప్తూ చెప్తూ హైమవతి కళ్లు చూసి ఆగిపోయింది. "ఏమైంది మేడం?"

"మాట ఉన్న చోటు పాడైతే పెట్టెకి ఆ మాట దొరకదండీ. అప్పుడు నోరు మూసుకోకుండా, అక్కడ ఏ మాట రావచ్చో ఊహించి నింపేలా మేం ఏర్పాటు చేశాం. ఫోన్లో టైపు చేస్తుంటే తర్వాతి మాట అదే చూపిస్తుంది చూడండి, అలాగ. ఎప్పుడైనా ఒకటీ అరా నింపుతుందనుకున్నాం. మీ డిస్కు మెల్లమెల్లగా పాడవుతూ వచ్చింది. పాడైన కొద్దీ నింపడం పెరిగింది. ఈమధ్య చాలా రోజులు, మొత్తం వాక్యాలే."

"మొత్తమంటే?"

"పెట్టె చెప్పినవే. ఆయన అన్నవి కాదు."

హైమవతి లాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. మెదడు నుంచి వచ్చిన అలజడి ఎప్పటికప్పుడు డిస్కులో ఇంకో చోట పడి ఉంది. కొత్త సూదితో తిరిగి దక్కిన మాటల సాయంతో దాన్ని మళ్లీ చదివించింది.

"ఇది పోయిన నెల ఒక పొద్దున. 'నువ్వు అలసిపోయినవ్, జర పడుకో' అంది పెట్టె. అప్పుడు ఆయన నిజంగా అన్నది ఇది." ఆమె చదివింది. "'డబ్బాల చప్పుడైతుంది. హైమవతికి చెప్పు.' తలాపునే ఉంది కదండీ, మనకంటే ముందు ఆయనకే వినిపించింది. రోజూ చెప్తూనే ఉన్నారు."

"మరి... నువ్వుంటే చాలు అన్నది?"

హైమవతి తెరను కిందికి జరిపింది. "అక్కడ ఎక్కువసార్లు ఒకే మాట ఉందండీ. 'యాకయ్య ఏడి?'"

సరోజన చేతిలోని నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది. "నాకొకటి చెప్పుండ్రి. ఆయన అననప్పుడు గా మాటలు ఏడికెళ్లి వచ్చినయ్?"

"పెట్టె మీ గొంతు కూడా వింటుంది. తను చెప్పినదానికి ఎదుటివాళ్లు సంతోషంగా బదులిస్తే ఆ మాట సరైందనుకుని మళ్లీ చెప్తుంది. విసుక్కుంటే మానేస్తుంది. మీరు దేనికి నవ్వారో..."

"అంటే నేను వినాలనుకున్నయి నాకే చెప్పింది."

హైమవతి లాప్‌టాప్ మూసేసింది. ఇలాంటి పెట్టెలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. ప్రతి ఇంటికీ తనే ఫోన్ చేసి చెప్తానంది. ఆ మాట సరోజనతో అన్నట్టు లేదు.

రెండు డిస్కులూ ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తున్నంతసేపూ సరోజన ఏడాది మాటలన్నీ తిరగేసింది. ఏది ఆయనది, ఏది కాదు? బియ్యంలో రాళ్లూ మెరిగలూ ఏరినట్టు ఏరాలని చూసింది, చేతికి ఏదీ చిక్కలేదు. ముందు సిగ్గేసింది. తను గోడతో సరసమాడుతుంటే ఊరంతా చూసినట్టనిపించింది. జనగామ దాటాక సిగ్గు పోయి ఇంకొకటి వచ్చింది. ఏడాదిగా ఆ మనిషి ఏమేం అడిగాడో, ఏమేం కావాలన్నాడో! ఒక్కటీ తను ఇవ్వలేదు.

ఇంటికి రాగానే ప్రమీలక్కను పంపించి గదిలోకి వెళ్లింది. రోజూ కూర్చునే స్టూలు పెట్టెకు ఎదురుగా ఉంది, ఆయనకు కాదు. ఏడాదిగా తను మాట్లాడింది ఎవరితోనో ఆ స్టూలు చూస్తే తెలుస్తోంది. దాన్ని ఆయన ముఖానికి ఎదురుగా జరిపి కూర్చుంది.

"నువ్వుంటే చాలు అన్నది నువ్వేనా?"

కళ్లు చాలాసేపు ఆమెనే చూశాయి. తర్వాత కిందికి దిగాయి.

"యాకయ్యను వద్దన్నది?"

ఈసారి ఆలస్యం లేదు. కిందికి.

"డబ్బా నీ పేరు మీద మాట్లాడుతున్నదని నీకు ఎరుకేనా?"

పైకి.

సరోజన రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. తన గొంతుతో తను అనని మాటలు వింటూ, ఆపలేక, ఒక మనిషి ఏడాదిపాటు పడుకుని ఉండటం ఎలా ఉంటుందో ఊహించబోయింది, చేతకాలేదు. బతికున్నవాణ్ని గదిలో పెట్టి బయట వాడి బొమ్మతో కాపురం చేసినట్టే కదా. ఏడ్చి ఏడ్చి తలెత్తేసరికి ఆయన ఇంకా ఆమెనే చూస్తున్నాడు. ఆ కళ్లలో కోపం లేదు. వాటిని ఎలా చదవాలో ఒకప్పుడు తనకు బాగా తెలుసు.

"రేపు యాకయ్యను తోల్కొస్త" అంది.

కళ్లు పైకి లేచాయి.

బైపాసు రోడ్డు పక్కన బోరు బండ్లు నిలిపే ఖాళీ జాగాలో యాకయ్య రాడ్లకు గ్రీజు పూస్తున్నాడు. సరోజనను చూసి లేవలేదు.

"ఏం వదినా, తోవ తప్పినవా?"

"నీ కోసమే వచ్చిన. ఆయన నిన్ను అడుగుతుండు."

"అడుగుతుండా? వద్దన్నది వాడే. నా చెవులతోని విన్న."

"గొంతు ఆయనదే యాకయ్యా. మాట ఆయనది కాదు." నిలబడే అంతా చెప్పింది. డిస్కు సంగతి, సూది సంగతి. తను ఆ మాటకు మురిసిపోయి, లేచి వెళ్తున్న యాకయ్యను ఆపకుండా ఊరుకున్న సంగతి కూడా దాచలేదు.

యాకయ్య గ్రీజు చేతులు ముందుకు చాచి అలాగే నేల మీద కూలబడ్డాడు. "ఏడాది సంది వాన్ని తిట్టుకుంటున్న వదినా. మంచంల ఉన్నోన్ని. రోగంతోని పొగరు గూడ పెరిగిందనుకున్న." గుడ్డతో ఒక్కొక్క వేలే తుడుచుకుని లేచాడు. "నడువు."

రెండు రోజులకు హైమవతి వచ్చి, యాకయ్య కూడా ఉండగా, పెట్టె మళ్లీ బిగించింది. ఈసారి తిరిగే పళ్లెం లేని డిస్కు వేసింది. నకలు ఒకటి ఆ ఇంట్లోనే బీరువాలో పెట్టించింది. గీత పడిన చోట కొన్ని మాటలు పోయాయని, అవేమిటో వాడుతుంటే గాని తెలియదని, తెలిసినప్పుడు నేర్పించే మీట నొక్కి మళ్లీ నేర్పుకోవాలని చెప్పింది. తర్వాత పెట్టె వెనక ఇంకో చిన్న మీట చూపించింది.

"ఇది కిందికి ఉంటే ఊహించి నింపదు. మాట దొరక్కపోతే దీపం మినుకుమని ఊరుకుంటుంది. చాలా నెమ్మదిగా, అతుకుల బొంతలా ఉంటుందండీ. పైకి పెడితే మునుపటిలాగే." ఆగి, అంది: "అన్ని ఇళ్లకీ చెప్పాను. ఒకావిడ తన కొడుకు పెట్టె ముట్టుకోవద్దంది. అలాగే ఉండనివ్వమని చేతులు పట్టుకుంది. ఆమెకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు."

సరోజన మీట వైపు చూసింది. పైకి పెడితే మళ్లీ ఆ మాటలు వస్తాయి. ఆమెకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. భర్త వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. నింపాల్నా?"

కిందికి. ఆమే మీట కిందికి నొక్కింది.

మొదటి మాట రావడానికి ఎంతసేపు పట్టిందంటే, యాకయ్య రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"యాకయ్య."

"ఉన్న రా. ఈడనే ఉన్న."

"పొట్ట... పెరిగింది."

యాకయ్య పగలబడి నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు పండుకుంటవ్, నేను తింట. ఇద్దరి పొట్ట నాకే వచ్చింది!" ఆ సాయంత్రం దాకా ఇద్దరూ పాత బోర్లు, ఎండిన బోర్లు, రాయి తగిలి బిట్టు విరిగిన బోర్లు తవ్వుకున్నారు. సమ్మయ్యవి ఒక్కో మాటే, మధ్యలో మౌనాలే ఎక్కువ. యాకయ్య ఆ మౌనాల్లో బీడీ కాల్చుకోవాలని తహతహలాడుతూ కూర్చున్నాడే తప్ప ఒక్కదాన్నీ తన మాటతో నింపలేదు.

అందరూ వెళ్లాక సరోజన స్టూలు దగ్గరికి లాక్కుంది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన."

ఆమె ముందుకు వంగింది.

"కండ్లతోని... చెప్పిన. నువ్వు... డబ్బా దిక్కు... చూసినవ్."

"రోజూ చెప్పినవా?"

"మస్తు రోజులు. తర్వాత... ఊకున్న."

"ఎందుకు ఊకున్నవ్?"

ఈసారి మౌనం చాలా పొడుగ్గా సాగింది. మాట దొరకలేదేమో అనుకుంది.

"నువ్వు... నవ్వుతున్నవ్."

సరోజనకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "అయితే? నేను డబ్బాతోని నవ్వితే నువ్వు పండుకొని చూస్తవా? నీకు ఎండ కావాల్నో, గాలి కావాల్నో, ఏది కావాల్నో, అన్నీ మింగుతవా?"

"నాకు... రాదు. గట్ల... మాట్లాడుడు."

"రాకపోతే మానె! ఎవ్వలడిగిండ్రు?"

"నువ్వే."

సరోజన పెట్టె వైపు చూసింది. కాదనడానికి లేదు. పెట్టెకు ఆ మాటలు నేర్పింది తన నవ్వే. "అడుగుత" అంది చివరికి మొండిగా. "అడిగితే తప్పా? ఇన్నేండ్ల కాపురంల ఒక్క మంచి మాట అడిగితే తప్పా?"

"కిటికీ... తియ్యి."

"మాట మార్చకు!"

"ఉక్కపోస్తుంది. ఏడాది సంది... చెప్తున్న."

ఆమె విసురుగా లేచి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. సాయంకాలపు గాలి లోపలికి వచ్చింది. తిరిగి వచ్చి కూర్చునేసరికి పెట్టె మీద దీపం మినుకుమినుకుమంటోంది. ఆయన ఏదో అంటున్నాడు, మాట రావడం లేదు. దీపం ఆగింది. మళ్లీ మినుకుమంది. పెట్టె ఊరుకుంది.

"ఏం మాట పోయింది? తిండా?"

కిందికి.

"యాకయ్య గురించా?"

కిందికి. దీపం మళ్లీ మినుకుమంది. ఆయన అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. ఆ కళ్లు ఆమె మీదనుంచి కదలడం లేదు. సరోజనకు నెమ్మదిగా అర్థమైంది.

"నా పేరా?"

కళ్లు పైకి లేచాయి.

గీత పడిన చోట పోయిన మాటల్లో అదొకటి. ఇన్నాళ్లూ 'సరోజా' అని పిలిచింది పెట్టే, ఊహించుకుని. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, హైమవతి నేర్పినట్టే నేర్పించే మీట నొక్కింది.

"సరోజన. అనుకో."

దీపం మినుకుమంది. పెట్టె పలకలేదు.

"మల్ల అనుకో."

పలకలేదు. ఆమె అడుగుతూ పోయింది, ఆయన అనుకుంటూ పోయాడు. గదిలో మాట లేదు. కాని ఆ దీపం వెలిగిన ప్రతిసారీ లోపల ఆయన తన పేరే అంటున్నాడని తెలిసి, ఆ మౌనంలో ఒక్క మినుకునూ జారవిడవకుండా చూస్తూ కూర్చుంది.

"ఆకలి" అంది పెట్టె ఉన్నట్టుండి.

"ముందు పేరు, ఆనక బువ్వ" అంది సరోజన. "అనుకో."